జిమ్‌కి ఏ షూ కొనాలి: మెత్తనిదా, గట్టిదా, రెండూ కానిదా?

షాపులో కొత్త షూ వేసుకుని నాలుగడుగులు వేస్తాం, దూదిపరుపు మీద నడిచినట్టు ఉంటుంది, ఇంకేం, ఇదే ప్యాక్ చేసెయ్యమంటాం. జిమ్‌లో చేరిన కొత్తలో నేను కొన్నది అలాగే. ట్రెడ్‌మిల్ మీద బ్రహ్మాండంగా ఉండేది. మూడో నెలలో స్క్వాట్‌కి (గుంజీళ్లలా కూర్చుని లేచే వ్యాయామం) కాస్త బరువు పెంచేసరికి అసలు సంగతి బయటపడింది. సోల్ ఒక పక్కకి నొక్కుకుపోయి, మడమ ఒకసారి లోపలికీ ఒకసారి బయటికీ ఒరుగుతుంటే, భుజాల మీద బార్ పెట్టుకుని తడబడేవాణ్ణి. తప్పు నా కాళ్లదే అనుకుని మోకాళ్లకీ చీలమండలకీ ఏవేవో వ్యాయామాలు చేశాను. ఒకరోజు విసుగొచ్చి షూ విప్పేసి, వట్టి సాక్సులతో అదే బరువు ఎత్తితే ఒరగడం ఆగిపోయింది!

మెత్తగా ఉండటం, కాలికి సరిపోవడం, ఆసరా ఇవ్వడం మూడూ వేరువేరు విషయాలు. మనం మూడింటినీ కలిపి 'కంఫర్ట్' అనేస్తాం, అమ్మేవాళ్లూ అలాగే అంటారు. కానీ మెత్తదనం పెరిగేకొద్దీ నిలకడ తగ్గే చోట్లు జిమ్‌లో బోలెడు. అందుకని ఏ రకం కొనాలో చూసేముందు, దేన్ని చూసి ఎంచుకోవాలో మాట్లాడుకుందాం.

## ముందు కాలికి సరిపోవాలి, మిగతావన్నీ తర్వాత

ఎంత మంచి షూ అయినా సైజు తప్పితే చెప్పులో రాయితో సమానం. మనందరికీ ఎప్పటినుంచో గుర్తున్న ఒక అంకె ఉంటుంది, ఎనిమిదో తొమ్మిదో, ప్రతిసారీ అదే అడుగుతాం. పాదమేమో వయసుతో, ఒంటి బరువుతో కాస్త సాగుతుంది, వెడల్పవుతుంది. పైగా ఒక్కో కంపెనీ ఒక్కో అచ్చు మీద షూ తయారుచేస్తుంది కాబట్టి ఒకరి తొమ్మిది ఇంకొకరి తొమ్మిదిన్నరలా తగులుతుంది.

కాబట్టి ఒకసారి కొలవండి. సాయంత్రం పూటైతే మంచిది, రోజంతా నిలబడి తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, జిమ్‌లో వేడెక్కిన పాదమూ అంతే. నేల మీద కాగితం పెట్టి, మడమని గోడకి ఆనించి, ఒంటి బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడి, అన్నిటికన్నా పొడవైన వేలి కొస దగ్గర గీత పెట్టండి. అది బొటనవేలే కానక్కర్లేదు, చాలామందికి రెండో వేలు పొడుగు. రెండు పాదాలూ కొలవాలి, ఎందుకంటే ఒకటి కాస్త పెద్దగా ఉండటం మామూలే, షూ మాత్రం ఆ పెద్దదానికే కొనాలి. కొలత మిల్లీమీటర్లలో రాసి పెట్టుకుంటే ఏ కంపెనీ పట్టికలో అయినా వెతుక్కోవచ్చు. యూకే సైజుల్లో ఒక నంబరుకీ పక్క నంబరుకీ తేడా సుమారు 8.5 మిల్లీమీటర్లు, అర సైజు అంటే దాదాపు 4.2. యూరప్ సైజుల్లో ఆ తేడా 6.7 దగ్గర. అందుకే ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు అచ్చంగా సరిపోదు, కొంచెం అటో ఇటో పడుతుంది.

ముందు ఎంత ఖాళీ ఉండాలి? ఎక్కువగా పరిగెత్తేవాళ్లయితే పొడవైన వేలికీ షూ కొసకీ మధ్య 10 నుంచి 12 మిల్లీమీటర్లు. పరిగెత్తేటప్పుడు పాదం ప్రతి అడుగుకీ ముందుకి జారుతుంది, ఖాళీ లేకపోతే గోరు కొట్టుకుని నల్లబడుతుంది. నాకు అలా ఒక గోరు ఊడిపోయి, మళ్లీ మామూలుగా రావడానికి నెలలు పట్టింది. బరువులు మాత్రమే ఎత్తేవాళ్లకి అంత ఖాళీ అక్కర్లేదు, వేళ్లు చాచినప్పుడు కొసకి తగలకుండా ఉంటే చాలు, మరీ వదులైతే పాదం లోపల జారుతుంది.

అసలు గొడవ పొడవుతో కన్నా వెడల్పుతో. చిటికెన వేలు పక్కన నొక్కుతోందని ఒక సైజు పెద్దది తీసుకోవడం అందరూ చేసే పొరపాటు. పొడుగు పెరిగితే షూ వంగే చోటు కూడా ముందుకి జరుగుతుంది, మీ పాదం మాత్రం వేళ్ల మొదట్లోనే వంగుతుంది, రెండూ కలవక లంజెస్‌లో (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచి దిగడం), పుషప్‌లో పైభాగం మడతపడి వేళ్ల మీద నొక్కుతుంది. దానికి మందు వెడల్పు మోడల్. చాలా కంపెనీల్లో మగవాళ్లకి మామూలు వెడల్పు 'డి', వెడల్పైనది '2ఈ', ఇంకా వెడల్పైనది '4ఈ'. ఆడవాళ్లకి మామూలుది 'బి', వాళ్లకి 'డి' అంటేనే వెడల్పు. పాదం వెడల్పుగా ఉన్న ఆడవాళ్లు మగవాళ్ల మోడల్ ప్రయత్నించవచ్చు గానీ మడమ దగ్గర వదులవుతుందేమో చూసుకోవాలి.

వెడల్పు చూడటానికి ఒక చిట్కా ఉంది, షాపులో ఎవరూ చెప్పరు. లోపలి ఇన్సోల్ (పాదం కింద పరిచి ఉండే పొర) బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. పాదం అంచులు, ముఖ్యంగా చిటికెన వేలు వైపు, ఇన్సోల్ దాటి బయటికి వస్తే ఆ షూ మీకు ఇరుకు. సాగుతుందిలే అని ఎవరన్నా అంటే నమ్మకండి, పైబట్ట కొంత సాగుతుందేమో గానీ సోల్ సాగదు.

ఇక మడమ. లేసులు బిగించి మడమ పైకి ఎత్తినప్పుడు వెనకభాగం జారకూడదు. కొద్దిగా జారుతుంటే, లేసు రంధ్రాల వరసలో పై చివర విడిగా ఒకటి ఉంటుందే, చాలామంది వాడని రంధ్రం, దానిలోంచి లేసుని అదే పక్క లోపలికి దూర్చి చిన్న ఉచ్చులా వదిలి, అవతలి లేసుని ఆ ఉచ్చులోంచి లాగి బిగించండి. మడమ కదలకుండా కూర్చుంటుంది. అప్పటికీ జారితే ఆ షూ అచ్చు మీది కాదు, వదిలెయ్యండి.

జిమ్‌లో వేసే సాక్సులతోనే వేసి చూడాలన్నది అందరికీ తెలిసిందే, అయినా నేను రెండుసార్లు మర్చిపోయాను.

## ఆసరా అంటే ఏమిటి?

ఆసరా అంటే అరికాలు వంపు కింద ఉబ్బెత్తుగా తగిలే దిండు అనుకుంటాం. కొంతమందికి అది హాయిగా ఉంటుంది, కొంతమందికి పది నిమిషాల్లో నొప్పి పుడుతుంది. జిమ్‌లో ఆసరా అంటే ప్రధానంగా మూడు: కింద సోల్ నొక్కుకుపోకుండా ఉండటం, మడమ చుట్టూ గట్టి కప్పు ఉండటం, పక్కకి అడుగేసినప్పుడు పాదం సోల్ అంచు దాటకుండా పైభాగం పట్టి ఉంచడం.

వీటిని చేత్తోనే చూడొచ్చు. మడమ వెనకభాగాన్ని రెండు వేళ్లతో నొక్కండి, చప్పున ముడుచుకుపోతే బలహీనం. ముందూ వెనకా పట్టుకుని బట్ట పిండినట్టు తిప్పండి, తేలిగ్గా మెలి తిరిగితే పక్క కదలికల్లో ఆసరా తక్కువ. మొన భాగాన్ని పైకి వంచండి, వేళ్ల మొదట్లో వంగాలి, పాదం మధ్యలో వంగితే మంచిది కాదు. చివరగా మడమ దగ్గర సోల్ పక్కభాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కండి: లోపలికి దిగిపోతే పరుగు కోసం చేసింది, దిగకపోతే బరువుల కోసం చేసింది. వట్టి పాదానికి దగ్గరగా ఉండాలని పల్చగా చేసిన షూకి మాత్రం ఈ మెలి పరీక్ష వర్తించదు, అది కావాలనే మెత్తగా మెలి తిరుగుతుంది.

పాదం చదునుగా ఉంటే ఈ రకం, వంపు ఎక్కువైతే ఆ రకం అని తడికాలి ముద్ర చూసి చెప్పే పద్ధతి ఒకటి ఉంది. వినడానికి శాస్త్రీయంగానే ఉంటుంది. కానీ అమెరికా సైన్యం, మెరైన్లు, వైమానిక దళంలో శిక్షణకి చేరినవాళ్లకి పాదం ఆకారాన్ని బట్టి షూ ఇచ్చి చూసినప్పుడు, అలా ఇవ్వనివాళ్లతో పోలిస్తే దెబ్బలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో ఒంటి కదలికల మీద పరిశోధన చేసిన బెన్నో నిగ్ 2015లో తన సహచరులతో కలిసి రాసిన వ్యాసంలో, ముద్రలూ కోణాలూ కాదు, వేసుకున్నప్పుడు మనకి హాయిగా తగిలేదే ఎంచుకోవడం మేలు కావచ్చని అన్నారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది, కాకపోతే ఒక షరతు: ఆ హాయి మీరు చేసే పని చేస్తున్నప్పుడు తగలాలి. షాపులో కార్పెట్ మీద నిలబడితే ఏ షూ అయినా హాయిగానే ఉంటుంది.

## డ్రాప్ అనే అంకె

షూ వివరాల్లో 'డ్రాప్' అని మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటుంది. మడమ కింద సోల్ ఎత్తులోంచి వేళ్ల మొదట్లో సోల్ ఎత్తు తీసేస్తే వచ్చేదే అది. మామూలు రన్నింగ్ షూలో 8 నుంచి 12 దాకా, జిమ్ ట్రైనింగ్ షూలో ఎక్కువగా 4 నుంచి 7 దాకా, చదునైన వాటిలో సున్నా. బరువులు ఎత్తడానికే చేసిన లిఫ్టింగ్ షూలో 15 నుంచి 22 దాకా.

చీలమండ బాగా వంగనివాళ్లు స్క్వాట్‌లో కిందికి దిగుతుంటే మడమ లేస్తుంది, లేదా నడుము ముందుకి వాలిపోతుంది. మడమ కింద గట్టి ఎత్తు ఉంటే నిటారుగా ఉండి ఇంకా కిందికి దిగొచ్చు. డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేల మీది బార్‌ని పట్టుకుని నిటారుగా లేచేటప్పుడు, అదే ఎత్తు ఇబ్బంది, ఒంటి బరువు వేళ్ల మీదకి వెళ్తుంది, మీరు ఎంత ఎత్తులో నిలబడితే బార్‌ని అంత ఎక్కువ దూరం లేపాలి. అంటే ఒకే షూ రెండింటికీ నూటికి నూరుపాళ్లు కుదరదు.

## ఇప్పుడు రకాలు

రన్నింగ్ షూ. చాలామంది దగ్గర ముందే ఉండేది, జిమ్‌లో ఎక్కువగా కనిపించేదీ ఇదే. ప్రతి అడుగుకీ మడమ మీద పడే తాకిడిని మెత్తటి ఫోమ్ మింగుతుంది, ముందుకి మాత్రమే వెళ్లే కదలికకి తగ్గట్టు తయారైంది. ట్రెడ్‌మిల్ మీద అరగంట పరిగెత్తేవాళ్లకి దీన్ని మించింది లేదు. కానీ ఆ మెత్తదనమే బరువులప్పుడు శత్రువు, నా కథ పైన చెప్పాను. ఈమధ్య సోల్ మరీ లావుగా వస్తోంది, రోడ్డు పరుగు పోటీలకి సోల్ 40 మిల్లీమీటర్లు దాటకూడదని అంతర్జాతీయ సమాఖ్య వరల్డ్ అథ్లెటిక్స్ నియమం పెట్టాల్సి వచ్చిందంటే చూడండి. అంత ఎత్తున, అంత మెత్తని దాని మీద నిలబడి పక్కకి గెంతితే చీలమండ మెలిపడటానికి ఎంతోసేపు పట్టదు. లోపల కార్బన్ పలక ఉన్న పోటీ షూ జిమ్‌లో వేసుకొచ్చేవాళ్లని చూశాను, పాపం, ఎంత పెట్టి కొన్నారో.

అయినా ఒక మాట. తేలికపాటి డంబెల్స్, మెషీన్ల మీద కూర్చుని చేసే వ్యాయామాలు, నడక, ఇంతే మీ రోజు అయితే రన్నింగ్ షూ చాలు. ఇంకోటి కొనాలని ఎవరన్నా ఒత్తిడి చేస్తే వినక్కర్లేదు.

ట్రైనింగ్ షూ. దీన్నే క్రాస్ ట్రైనర్ అంటారు. మడమ దగ్గర గట్టిగా, ముందు భాగంలో కాస్త వంగేలా, సోల్ అడుగు వెడల్పుగా, పక్కలు గట్టిగా ఉంటుంది. బరువులూ గెంతులూ పరుగూ కలిపి చేయించే క్రాస్‌ఫిట్ పుణ్యమా అని ఈ రకం బాగా పేరుకొచ్చింది. రీబాక్ నానో 2011లో, నైకీ మెట్‌కాన్ 2015లో వచ్చాయి, ఆ తర్వాత మిగతా కంపెనీలు కూడా ఆ దారిలో నడిచాయి. స్క్వాట్ చేసి, బాక్స్ జంప్ చేసి, బర్పీలు (నేలకి వంగి, కాళ్లు వెనక్కి చాచి, లేచి గెంతడం) చేసి, మళ్లీ బార్ దగ్గరికి రావాలంటే ఇదే. తాడు ఎక్కేవాళ్ల కోసం కొన్నిటికి పక్కన రబ్బరు పైదాకా ఉంటుంది.

లోపం పరుగులో తెలుస్తుంది. రెండు కిలోమీటర్లు దాటాక అరికాళ్లు మండినట్టు, చెక్క మీద పరిగెత్తినట్టు ఉంటుంది. పైగా కొన్ని మోడళ్లు మొదటి వారం అంతా గట్టిగా ఉండి తర్వాత దారికొస్తాయి, కాబట్టి ముందు రోజే పారెయ్యకండి. ఈ రకంలోనూ మెత్తగా ఉండేవీ గట్టిగా ఉండేవీ రెండూ ఉన్నాయి, బొటనవేలి పరీక్ష ఇక్కడ బాగా పనికొస్తుంది.

చదును సోల్ షూ. కన్వర్స్ చక్ టేలర్ లాంటివి. 1917లో బాస్కెట్‌బాల్ కోసం వచ్చిన ఆ షూ ఇప్పుడు పవర్‌లిఫ్టింగ్ చేసేవాళ్లకి ఇష్టమైంది, కారణం చాలా మామూలు: కింద చదునైన రబ్బరు, నొక్కుకుపోయేదేమీ లేదు. డెడ్‌లిఫ్ట్‌కి బాగుంటుంది, చీలమండ బాగా వంగేవాళ్లకి స్క్వాట్‌కి కూడా. కానీ గెంతడానికి, పరిగెత్తడానికి వద్దు, మడమ కింద ఏమీ ఉండదు. పైగా ముందు భాగం ఇరుకు, వెడల్పు పాదం వాళ్లు చూసుకోవాలి. వంపు ఎక్కువున్న పాదానికి దీంట్లో చాలాసేపు నిలబడితే నొప్పి రావచ్చు.

లిఫ్టింగ్ షూ. మడమ ఎత్తుగా, రాయిలా గట్టిగా, పైన పట్టీ ఉంటుంది. ఒకప్పుడు మడమకి చెక్కో, అతికించిన తోలో వాడేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా గట్టి ప్లాస్టిక్. స్నాచ్, క్లీన్ (నేల మీది బార్‌ని ఒక్క ఊపున తల పైకో భుజాల దాకానో లేపడం), లోతైన స్క్వాట్ మీద మనసున్నవాళ్లకి దీనితో తేడా మొదటి రోజే తెలుస్తుంది. మిగతా దేనికీ పనికిరాదు, నిజంగా. దీంతో జిమ్ ఇటు చివరనుంచి అటు చివరకి నడవడమే ఒక వ్యాయామం. మొదటి జతగా కొనకండి, కనీసం ఏడాదిపాటు స్క్వాట్ క్రమం తప్పకుండా చేసి, మడమ లేవడమే అడ్డంకి అని తేలాక ఆలోచించండి. ఈలోపు మడమల కింద చిన్న ప్లేట్లు పెట్టి చేసి చూస్తే మీకు నిజంగా అవసరమో కాదో తెలిసిపోతుంది.

పల్చటి 'బేర్‌ఫుట్' షూ. డ్రాప్ సున్నా, సోల్ కొన్ని మిల్లీమీటర్లే, ముందు భాగం బాగా వెడల్పు. వేళ్లు విచ్చుకుని నేల పట్టుకుంటాయి, ఇరుకు షూలతో విసిగిపోయినవాళ్లకి ఇది పెద్ద ఊరట. కానీ ఇన్నేళ్లూ ఎత్తు మడమ షూలో తిరిగిన పాదాన్ని ఒక్కసారిగా ఇందులో పెట్టి గెంతితే పిక్కలు, మడమ వెనక ఉండే స్నాయువు, అరికాలి ఎముకలు మొరపెట్టుకుంటాయి. మొదట వార్మప్‌కీ డెడ్‌లిఫ్ట్‌కీ మాత్రమే, వారాల తరబడి నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి.

వట్టి కాళ్లతో చేస్తే పోలేదా అంటే, డెడ్‌లిఫ్ట్‌కి పోతుంది, కానీ చాలా జిమ్‌లు ఒప్పుకోవు. ఒప్పుకున్నా, మీద ప్లేట్ పడితే షూ ఎలాగూ ఎముకని కాపాడదు గానీ, చర్మం గీరుకుపోకుండా, నేల మీది మురికి అంటకుండా ఉంటుంది.

| రకం | నడక, పరుగు | స్క్వాట్ | డెడ్‌లిఫ్ట్ | గెంతులు, పక్క కదలికలు | ముందు భాగం వెడల్పు |
|---|---|---|---|---|---|
| రన్నింగ్ | చాలా బాగు | బరువు పెరిగితే ఒరుగుతుంది | బాగోదు | పక్కకి వద్దు | మోడల్‌ని బట్టి, వెడల్పువి దొరుకుతాయి |
| ట్రైనింగ్ | కొద్దిదూరం సరే | బాగు | బాగు | చాలా బాగు | మధ్యస్థం |
| చదును సోల్ | వద్దు | చీలమండ వంగితే బాగు | చాలా బాగు | వద్దు | తరచుగా ఇరుకు |
| లిఫ్టింగ్ | అసలు వద్దు | చాలా బాగు | ఎక్కువమందికి ఇబ్బంది | వద్దు | పట్టీతో సర్దుకోవచ్చు, వేళ్ల దగ్గర ఇరుకు |
| పల్చటిది | అలవాటయ్యాకే | చీలమండ వంగితే బాగు | చాలా బాగు | అలవాటయ్యాకే, కొద్దిగా | చాలా వెడల్పు |

పట్టికలో 'మధ్యస్థం' అని ఉన్నచోట ఒకే కంపెనీలో కూడా మోడల్‌కీ మోడల్‌కీ తేడా ఉంటుంది. ఏటా కొత్త వెర్షన్ వచ్చినప్పుడు అచ్చు మార్చేస్తారు. పోయిన షూ బాగుందని అదే పేరుతో కొత్తది కళ్లుమూసుకుని కొంటే దెబ్బతింటారు, నేను తిన్నాను.

## మీరు ఏ కోవలోకి వస్తారు?

ఒక వారం జిమ్‌లో ఏం చేశారో కాగితం మీద రాయండి, అనుకున్నది కాదు, నిజంగా చేసింది. సగం పైన పరుగైతే రన్నింగ్ షూ కొని బరువులు తేలిగ్గా ఉంచుకోండి, లేదా బరువులప్పుడు విడిగా చదునుది వేసుకోండి. సగం పైన బరువులై, పరుగు పదినిమిషాల వార్మప్ అయితే ట్రైనింగ్ షూ. కొత్తగా చేరి ఏం చేస్తారో మీకే తెలియదంటే కూడా ట్రైనింగ్ షూనే, కాస్త మెత్తగా ఉండే మోడల్. అన్నిట్లోనూ మధ్యస్థంగా ఉండే వస్తువులంటే నాకు ఇష్టం ఉండదు, కానీ ఇక్కడ అదే సరైనది, ఎందుకంటే దాంతో ఏ వ్యాయామంలోనూ కాలు ప్రమాదంలో పడదు.

గ్రూప్ క్లాసులకి, డాన్స్ వర్కవుట్లకి వెళ్లేవాళ్ల సంగతి వేరు. అక్కడ గుండ్రంగా తిరగడం ఎక్కువ. సోల్ నేలని మరీ గట్టిగా పట్టుకుంటే పాదం అక్కడే ఆగిపోయి మోకాలు తిరుగుతుంది, అది ప్రమాదం. లోతైన గాళ్లున్న సోల్ కాకుండా నున్నగా, ముందు భాగంలో తిరగడానికి గుండ్రటి చోటున్నది చూడండి. రన్నింగ్ షూ ఇక్కడ రెండు విధాలా చెడ్డది, ఎత్తూ ఎక్కువే, పట్టూ ఎక్కువే.

ఒంటి బరువు ఎక్కువున్నవాళ్లకి 'బాగా మెత్తగా ఉన్నది కొనండి' అని సలహా ఇస్తారు. సగం నిజం. బరువెక్కువైనప్పుడు మెత్తటి ఫోమ్ ఇంకా తొందరగా అణిగిపోతుంది, ఒక పక్క ముందు అణుగుతుంది, షూ వంకర తిరుగుతుంది. వెడల్పైన అడుగు, కాస్త గట్టి ఫోమ్, బలమైన మడమ కప్పు చూడండి.

డాక్టర్ ఇచ్చిన ఇన్సోల్ వాడేవాళ్లు దాన్ని షాపుకి తీసుకెళ్లండి. షూలో ఉన్న ఇన్సోల్ బయటికి రావాలి, అతికించి ఉంటే ఆ మోడల్ వదిలెయ్యాల్సిందే. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే మడమ పైకి లేచి కప్పులోంచి జారుతుంది.

పొద్దున మంచం దిగగానే మడమలో పోటు వస్తుంటే చదునువీ పల్చటివీ కొంతకాలం పక్కన పెట్టి ముందు డాక్టర్‌కి చూపించుకోండి. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి పైన చెప్పిన 'హాయిగా తగిలితే చాలు' అనే సూత్రం పనిచెయ్యదు, నొక్కుతున్నా తెలియదు కాబట్టి. వాళ్లు కొలతలు చూసి, డాక్టర్ సలహాతో కొని, ప్రతిసారీ షూ విప్పాక పాదం ఎర్రబడిందేమో, పుండు పడిందేమో కళ్లతో చూసుకోవాలి.

## షాపులో ఐదు నిమిషాలు, ఇంట్లో అరగంట

షాపులో రెండూ వేసుకుని, లేసులు సరిగ్గా కట్టి, కార్పెట్ కాని నేల మీద నిలబడండి. బరువు లేకుండా ఐదు స్క్వాట్లు. ఒంటికాలి మీద పదిహేను సెకన్లు, ఎక్కువ ఊగితే సోల్ మెత్తనిదని అర్థం. రెండు లంజెస్, వెనక కాలి వేళ్లు నొక్కుకుంటున్నాయేమో గమనించండి. పక్కకి రెండు గెంతులు, పాదం లోపల జరగకూడదు. ఎవరో చూస్తారని సిగ్గుపడకండి, డబ్బు మీది.

ఆన్‌లైన్‌లో కొంటే రెండు సైజులు తెప్పించుకుని ఒకటి వెనక్కి పంపేయడం నా పద్ధతి, వాపసు నియమాలు ముందే చదివి. ఇంట్లో శుభ్రమైన నేల మీద అరగంట వేసుకుని తిరగండి. కంపెనీలు కొత్త షూ 'అలవాటవుతుంది' అంటాయి. సోల్ గట్టిదనం అలవాటవుతుంది, నిజమే. ఒకచోట ప్రత్యేకంగా గుచ్చుకునే నొప్పి మాత్రం అలవాటవదు, అది బొబ్బ అవుతుంది.

ఒకే జత కొనగలిగితే ఎక్కువగా చేసే పనికి కొనాలా, ఎక్కువ ప్రమాదమున్న పనికి కొనాలా అని ఒక స్నేహితుడు అడిగాడు. నేనైతే ప్రమాదమున్న పనికే అంటాను. గట్టి షూతో ట్రెడ్‌మిల్ మీద పదిహేను నిమిషాలు పరిగెత్తితే అరికాళ్లు కాస్త నొస్తాయి, వేగం తగ్గించి నడిచినా పనైపోతుంది. మెత్తటి షూతో మీ ఒంటి బరువంత బార్ భుజాల మీద పెట్టుకుని ఒరిగితే దించే వీలు ఉండదు. రెండు జతలు కొనగలిగితే ఈ గోలే లేదు, ఒకటి రన్నింగ్, ఇంకోటి చదునుదో ట్రైనింగో. పైగా రెండూ ఎక్కువకాలం మన్నుతాయి.

మన్నిక మాటొచ్చింది కాబట్టి: రన్నింగ్ షూకి 500 నుంచి 800 కిలోమీటర్లు అని ఒక లెక్క చెబుతారు. జిమ్ షూకి అలాంటి లెక్క పెట్టలేం. టేబుల్ మీద పెట్టి వెనకనుంచి చూడండి, మడమ ఒక పక్కకి వాలి ఉంటే, లేదా సోల్ పక్కన నొక్కినచోట ముడతలు శాశ్వతంగా ఉండిపోతే, పైభాగం కొత్తగా మెరుస్తున్నా సరే మార్చండి. చెమట పట్టిన షూని బ్యాగులోనే వదిలెయ్యకండి, ఎండలో నిలిపిన కారులో అసలు వద్దు, వేడికి జిగురు వదిలేస్తుంది. వాషింగ్ మెషీన్ డ్రయర్ కూడా అంతే. ఇన్సోల్ బయటికి తీసి, లోపల పాత కాగితాలు కుక్కి, నీడలో ఆరబెడితే మర్నాటికి సిద్ధం.